బంట్ల టెన్షన్ ఎప్పుడు వదలాలి, ఎంతసేపు పట్టి ఉంచాలి? క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్ ఆధారంగా వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: చెస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డ్రా అయిన గేములు ముందేసుకుని చూస్తే సి4, డి5 బంట్లు ఎనిమిది పది ఎత్తుల దాకా ఎదురెదురుగా అలాగే ఉండిపోతున్నాయి, ఎవరూ కొట్టడం లేదు, చివరికి గేమ్ డ్రా. అంతసేపు ఆగి వాళ్లు సాధించిందేమిటి? మనం అలా ఆగితే బంటు పోతుందేమోనని ముందే కొట్టేస్తున్నాం, దాన్ని ఎలా మానుకోవాలి?

టెన్షన్, అంటే రెండు పక్షాల బంట్లు ఒకదాన్నొకటి కొట్టగలిగేలా ఎదురెదురుగా ఉండటం, నిలిచి ఉన్నంతసేపూ రెండు పక్షాలూ ఒకే పనిలో ఉంటాయి. అవతలివాళ్లు కొడితే అది వాళ్లకే చేటయ్యేలా ఒక్కో ఎత్తుతో తమ బలగాన్ని సర్దుకుంటూ పోతాయి. ఇద్దరూ ఆ పని సరిగ్గా చేస్తే గేమ్ డ్రా అవుతుంది. కొట్టడానికి పెట్టుకోవాల్సిన షరతు ఒకటే: కొట్టినందుకు నాకు దక్కేది ఇదీ అని పేరు పెట్టి చెప్పగలగాలి. ఒక టెంపో (ఒక ఎత్తు కలిసిరావడం), ఒక ఫైల్ (నిలువు వరస), అవతలి బిషప్‌ను మూసేయడం, ఏదో ఒకటి. చెప్పలేకపోతే ఇంకా వేళ కాలేదు.

బోర్డు ఎదురుగా పెట్టుకుని చదవండి. అంకె ఎత్తు వరస సంఖ్య, దాని తర్వాత ముందు వైట్ ఎత్తు, ఆపైన బ్లాక్ ఎత్తు; మూడు చుక్కలుంటే అది బ్లాక్ ఎత్తు. × గుర్తు ఉన్నచోట కొట్టినట్టు.

ముందు బంటు పోతుందన్న భయం సంగతి చూద్దాం, సగం తొందరపాటు అక్కడే పుడుతుంది. 1.డి4 డి5 2.సి4 డి×సి4 3.ఇ3 బి5 అని బ్లాక్ బంటును కాపాడుకోబోతే 4.ఎ4 సి6 5.ఎ×బి5 సి×బి5 6.క్వీన్-ఎఫ్3. ఎఫ్3 నుంచి ఎ8 దాకా వికర్ణం మొత్తం ఖాళీ, ఎ8 రూక్ మీద దెబ్బ. రూక్‌ను కాపాడాలంటే గుర్రాన్నో బిషప్‌నో ఇచ్చుకోక తప్పదు. కాబట్టి తొలి ఎత్తుల్లో సి4 బంటు నిజంగా గాల్లో లేదు. అయితే ఈ భరోసా ఎల్లకాలం ఉండదు. స్లావ్ అనే ఓపెనింగ్‌లో 1.డి4 డి5 2.సి4 సి6 3.గుర్రం-ఎఫ్3 గుర్రం-ఎఫ్6 4.గుర్రం-సి3 డి×సి4 అయ్యాక వైట్ 5.ఎ4 ఆడేది బి5 రాకుండా ఆపడానికే. అదే చోట బ్లాక్ 4...ఇ6 ఆడే సెమీ స్లావ్‌లో 5.బిషప్-జి5 డి×సి4 6.ఇ4 బి5 అయితే బ్లాక్ ఆ బంటును నిజంగానే పట్టుకుని కూర్చుంటుంది, వైట్ మరో రకంగా ప్రతిఫలం వెతుక్కోవాలి. బ్లాక్‌కి సి6, ఎ6 రెండిట్లో ఒకటి పడిందంటే "కొట్టి బి5 ఆడితే ఏమవుతుంది" అన్న లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

ఇక అసలు విషయం, టెంపో పోరు. దీన్ని నేర్చుకోవడానికి 1927లో బ్యూనస్ ఐరిస్‌లో కాపబ్లాంకా, అలెఖైన్ ఆడిన మ్యాచ్‌ను మించింది లేదు. ముందు ఆరు గేములు గెలిచినవాళ్లకే కిరీటం, డ్రాలు లెక్కలోకి రావు. మొత్తం 34 గేములు సాగింది: అలెఖైన్ 6, కాపబ్లాంకా 3, మిగతా 25 డ్రా. రెండు తప్ప అన్నీ క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డే, అంటే 1.డి4 డి5 2.సి4 తర్వాత బ్లాక్ కొట్టకుండా ఇ6 ఆడే ఓపెనింగే. ఒకే నిర్మాణంలో, అదే సి4–డి5 టెన్షన్ మీద ఇద్దరు మహామహులు రెండు నెలలకు పైగా తలపడ్డారు. చాలామంది విసుగని పక్కన పెట్టేసే మ్యాచ్ ఇది. ఓపిక నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం గని.

మూల స్థితి ఇది: 1.డి4 డి5 2.సి4 ఇ6 3.గుర్రం-సి3 గుర్రం-ఎఫ్6 4.బిషప్-జి5 బి8 గుర్రం-డి7 5.ఇ3 బిషప్-ఇ7 6.గుర్రం-ఎఫ్3 క్యాస్లింగ్ 7.రూక్-సి1 సి6. ఇప్పుడు వైట్ 8.బిషప్-డి3 ఆడిందనుకోండి. బ్లాక్ వెంటనే 8...డి×సి4 కొడుతుంది, 9.బిషప్×సి4. ఎఫ్1 బిషప్ సి4కి చేరడానికి రెండు ఎత్తులు పట్టింది. డి3కి ఒకటి, సి4కి ఇంకొకటి. బిషప్ ఎఫ్1లోనే ఉండగా బ్లాక్ కొట్టి ఉంటే ఒక్క ఎత్తులో వచ్చేది. బ్లాక్ అన్ని ఎత్తులు కాచుకున్నది ఈ ఒక్క టెంపో కోసమే.

ఆ టెంపోతో ఏం చేస్తుందో చూడండి: 9...గుర్రం-డి5 10.బిషప్×ఇ7 క్వీన్×ఇ7 11.క్యాస్లింగ్ గుర్రం×సి3 12.రూక్×సి3 ఇ5. కాపబ్లాంకా పేరుతో ప్రసిద్ధమైన విడుదల ఇదే. రెండు జతల పావులు మారిపోయాయి, ఇరుకు తగ్గింది, ఇ6లో అడ్డంగా కూర్చున్న బంటు ముందుకు జరిగింది, సి8 బిషప్‌కి దారి పడబోతోంది. ఈ పావుల మార్పిడిని తప్పించడానికే అలెఖైన్ ఆ మ్యాచ్‌లో 11.గుర్రం-ఇ4 ఆడాడు. బ్లాక్ ఇరుకులో ఉంటే పావులు ఉంచడమే వైట్‌కి మేలన్నది ఆ ఎత్తులోని తర్కం.

12...ఇ5 తర్వాత డి4, ఇ5 మధ్య కొత్త టెన్షన్ మొదలవుతుంది. ఇక్కడ వైట్ వెంటనే 13.డి×ఇ5 గుర్రం×ఇ5 14.గుర్రం×ఇ5 క్వీన్×ఇ5 15.ఎఫ్4 ఆడవచ్చు. కొట్టినందుకు దక్కింది స్పష్టం: క్వీన్‌ను తరుముతూ ఎఫ్4 వచ్చింది, దాని వెనుక ఎఫ్5, రాజు వైపు దాడి. కొట్టడానికి ఇది న్యాయమైన కారణం. అదే స్థితిలో "ఎదురుగా ఉంది కాబట్టి" కొట్టి, తర్వాత ఎఫ్4 ఆడకుండా ఊరుకుంటే బ్లాక్ సి8 బిషప్‌ను హాయిగా బయటికి తెచ్చుకుంటుంది. వైట్ దగ్గర ఏ అనుకూలతా మిగలదు.

మరి 8.బిషప్-డి3 బదులు వైట్ ఏం చేయాలి? బిషప్‌ను కదపకుండా పనికొచ్చే ఎత్తులు ఆడుతూ "ముందు నువ్వే కొట్టు" అని కూర్చోవాలి. బ్లాక్ కూడా అదే చేస్తుంది: తన దగ్గరున్న పనికొచ్చే ఎత్తులతో "ముందు బిషప్ కదుపు" అంటుంది. ఎవరి దగ్గర మంచి ఎత్తులు ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. గేమ్ పోదు, ఆ టెంపో పోతుంది. వైట్ నిల్వ: క్వీన్-సి2, ఎ3, ఒక్కోసారి హెచ్3. బ్లాక్ నిల్వ: హెచ్6, రూక్-ఇ8, ఎ6.

ఇవి ఊరికే కాలం గడిపే ఎత్తులు కావు, ప్రతిదానికీ లాభమూ ఖరీదూ ఉన్నాయి. బ్లాక్ ఎ6 ఆడితే డి×సి4, బిషప్×సి4, బి5 అని బిషప్‌ను తరిమి, ఆపైన సి5 తోయాలన్నది పథకం. బదులుగా వైట్ ఎ3 ఆడితే బిషప్‌కి ఎ2లో గూడు దొరుకుతుంది. బి5 వచ్చినా ఎ2కి వెళ్లి, తర్వాత బి1కి జరిగి, సి2 క్వీన్‌తో కలిసి హెచ్7 మీద గురి పెడుతుంది. ఎ3 ఖరీదు బి3 గడి బలహీనపడటం. ఎప్పుడైనా బ్లాక్ గుర్రం ఎ5 మీదుగా అటు చూడవచ్చు. హెచ్6 ఆడితే జి5 బిషప్‌ను ప్రశ్నించినట్టు, రాజుకి గాలి దొరికినట్టు. కానీ బి1–హెచ్7 వికర్ణం మీద క్వీన్, బిషప్ నిలిచిన రోజున జి6 ఆడి అడ్డుకుందామంటే హెచ్6 బంటు వేలాడుతుంది. రూక్-ఇ8 మంచి ఎత్తే, ఇ5 తర్వాత ఫైల్ మీద ఉంటుంది, ఎఫ్8లో గుర్రానికి చోటిస్తుంది, అక్కడి నుంచి గుర్రం హెచ్7ను కాస్తుంది. దాని ఖరీదు ఎఫ్7 గడి: రూక్ కాపలా పోయింది, ఇక రాజు ఒక్కడే దిక్కు. వైట్ గుర్రం ఇ5లో కుదురుకున్న స్థితుల్లో ఈ ఎఫ్7 లెక్క తప్పి కూలిన గేములు ఎన్నో.

ఆ మ్యాచ్ 21వ గేమ్ ఇదే పోరు: 7.రూక్-సి1 ఎ6 8.ఎ3 హెచ్6 9.బిషప్-హెచ్4 డి×సి4 10.బిషప్×సి4 బి5 11.బిషప్-ఇ2 బిషప్-బి7 12.క్యాస్లింగ్ సి5 13.డి×సి5 గుర్రం×సి5. ఇక్కడ బ్లాక్ ఆడుతున్న అలెఖైన్, ఎఫ్1 బిషప్ కదలకముందే కొట్టాడు. టెంపో నియమం ప్రకారం తప్పులా కనిపిస్తుంది. కానీ ఎ6 ముందే పడి ఉంది కాబట్టి బి5 బిషప్‌ను తరుముతూ వచ్చింది, పోయిన టెంపో తిరిగొచ్చింది, సి5 కూడా వచ్చేసింది. నియమం అక్షరాలా పట్టుకోకుండా లెక్క వేసుకోవాలనడానికి ఇది చక్కటి ఉదాహరణ. కొట్టినందుకు దక్కేది బి5 అని అతను చెప్పగలడు. ఆ గేమ్ అలెఖైనే గెలిచాడు.

ఇంజిన్ (చెస్ కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టి చూస్తే 8.బిషప్-డి3కి, 8.క్వీన్-సి2కి అంకెలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. "రెండూ ఒకటేగా" అని అక్కడితో ఆగకండి. ఆ అంకె రెండువైపులా తప్పులేని ఆట మీద లెక్క. బోర్డు దగ్గర కూర్చున్న మనిషికి ఏ స్థితి ఆడటం సుళువో అది చెప్పదు.

వైట్ చేతిలో ఉన్న మరో దారి సి×డి5. ఇది ఎప్పుడు కొట్టాలన్నది సి8 బిషప్ ఎక్కడుందన్న దాని మీద ఆధారపడుతుంది. సి×డి5 ఇ×డి5 అయ్యాక ఇ6 అడ్డం తొలగి ఆ బిషప్‌కి ఎఫ్5 దాకా దారి తెరుచుకుంటుంది. మనమే అవతలివాళ్ల అధ్వాన్న పావుకి విముక్తి ఇచ్చినట్టు. కానీ బ్లాక్ గుర్రం డి7కి వచ్చి ఉంటే అదే బిషప్‌కి అడ్డం, కాబట్టి అప్పుడు కొట్టడం సమంజసం. ఇంకో సంగతి. ఈ మార్పిడి తర్వాత వైట్ ప్రధాన పథకం మైనారిటీ దాడి: బి4, బి5 తోసి సి6 మీద కొట్టి అక్కడ బలహీన బంటును మిగల్చడం. దానికి రూక్ బి1లో ఉండాలి. ముందు రూక్-సి1 ఆడి, తర్వాత సి×డి5 కొట్టి, ఆ తర్వాత రూక్-బి1 అంటే ఒక ఎత్తు వృథా. సి×డి5 కొట్టే ఉద్దేశం ఉంటే రూక్ కదలకముందే, అయిదు నుంచి ఏడో ఎత్తు లోపు కొట్టేయడం మేలు. బ్లాక్ పక్షాన ఒక మాట: ఇ బంటుతోనే తిరిగి కొట్టండి. సి6 బంటుతో కొడితే సి8 బిషప్ ఇ6 వెనకే ఉండిపోతుంది, తెరుచుకున్న సి ఫైల్ మీద వైట్ రూక్ ముందే సిద్ధంగా ఉంటుంది.

ఇదే ఓపెనింగ్‌లో బ్లాక్ బి6 ఆడే టార్టకోవర్ పద్ధతిలో ఈ వేళ సంగతి ఇంకా స్పష్టం: 4.బిషప్-జి5 బిషప్-ఇ7 5.ఇ3 హెచ్6 6.బిషప్-హెచ్4 క్యాస్లింగ్ 7.గుర్రం-ఎఫ్3 బి6. ఇప్పుడే 8.సి×డి5 కొడితే 8...గుర్రం×డి5 9.బిషప్×ఇ7 క్వీన్×ఇ7 10.గుర్రం×డి5 ఇ×డి5, బ్లాక్ బిషప్ ఇంకా సి8లోనే ఉంది కాబట్టి బి7కి పోకుండా ఇ6కి వస్తుంది. 1972లో రేక్యావిక్‌లో ఫిషర్, స్పాస్కీ ఆడిన 6వ గేమ్ ఈ దారిదే. ఫిషర్ గెలిచినా ఆ బిషప్ ఇ6లో బాగానే నిలిచింది. అలా కాకుండా వైట్ 8.బిషప్-ఇ2 అని ఒక్క ఎత్తు ఆగి, 8...బిషప్-బి7 పడ్డాక 9.బిషప్×ఎఫ్6 బిషప్×ఎఫ్6 10.సి×డి5 ఇ×డి5 11.బి4 ఆడితే, బి7 బిషప్ తన సొంత డి5 బంటునే చూస్తూ కూర్చుంటుంది. అవే బంట్లు, అదే మార్పిడి. తేడా అంతా ఒక్క ఎత్తు ఆగడంలో ఉంది.

1984 సెప్టెంబర్‌లో మాస్కోలో మొదలైన కార్పోవ్–కాస్పరోవ్ మ్యాచ్‌లో టార్టకోవర్‌ను ఇద్దరూ ఆడారు. అక్కడ కూడా ఆరు విజయాల నియమమే. 48 గేములయ్యాక, 5–3 వద్ద, 40 డ్రాలతో 1985 ఫిబ్రవరిలో మ్యాచ్‌ను ఆపేశారు. ఆ డ్రాలన్నీ గొప్పవని అనను, కొన్ని ఇరవై ఎత్తులు కూడా దాటలేదు. కానీ టార్టకోవర్ డ్రాలను వరసగా పెట్టుకుని "ఎవరు, ఏ ఎత్తులో, ఏం చూసి కొట్టారు" అని మాత్రమే చూసుకుంటూ వెళ్లండి, చాలా పాఠం ఉంది.

మూడో దారి, సి4 నుంచి సి5కి తోయడం. మన టోర్నమెంట్లలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. చోటు ఆక్రమించినట్టు అనిపిస్తుంది, నిజానికి డి5 మీద ఒత్తిడి మొత్తం పోతుంది. ఇంతసేపూ డి5ను కాస్తూ కట్టుబడి ఉన్న ఇ6 బంటుకి ఇక ఆ పని లేదు. వెంటనే ఇ5 అని కేంద్రంలో కొడుతుంది, లేదా బి6 అని సి5 తలను నరుకుతుంది. 7.రూక్-సి1 ఎ6 తర్వాత 8.సి5 అని తోయడం ఉంది, కానీ బ్లాక్ 8...సి6 ఆడి ఇ5కి సిద్ధమవుతుంది. సి5 తోసే ముందు రెండు లెక్కలు చూడండి: ఇ5ను అడ్డుకునేంత బలం నాకుందా, బి6 వస్తే బి4 తో గొలుసును నిలబెట్టగలనా. రెండిటికీ అవునంటేనే.

రెండు జతల బంట్లు ఒకేసారి ఎదురైతే, అంటే బ్లాక్ సి5 కూడా తోసి సి4, డి4, సి5, డి5 నాలుగూ తలపడితే, పిల్లలు బెంబేలెత్తి ఉన్నవన్నీ కొట్టేస్తారు. అక్కడా పై సూత్రమే. 2018 నవంబర్‌లో లండన్‌లో కార్ల్‌సన్–కరువానా మ్యాచ్ 2వ గేమ్ చూడండి, కార్ల్‌సన్ వైట్: 1.డి4 గుర్రం-ఎఫ్6 2.గుర్రం-ఎఫ్3 డి5 3.సి4 ఇ6 4.గుర్రం-సి3 బిషప్-ఇ7 5.బిషప్-ఎఫ్4 క్యాస్లింగ్ 6.ఇ3 సి5 7.డి×సి5 బిషప్×సి5. రెండు టెన్షన్లలో ఒకదాన్ని వైట్ వెంటనే వదిలింది. ఎందుకంటే బ్లాక్ బిషప్ అప్పటికే ఇ7కి వచ్చి ఉంది, సి5కి రావడం దానికి రెండో ఎత్తు. కాపబ్లాంకా కాలంలో బ్లాక్ సంపాదించుకున్న టెంపో లాంటిదే ఇక్కడ వైట్ సంపాదించుకుంది. రెండో టెన్షన్‌ను, సి4–డి5ను, మాత్రం ముట్టుకోలేదు.

తర్వాత 8.క్వీన్-సి2 గుర్రం-సి6 9.ఎ3 క్వీన్-ఎ5 10.రూక్-డి1. ప్రతి వైట్ ఎత్తూ డి5 చుట్టూ బిగించేదే: క్వీన్ డి1 గడిని ఖాళీ చేసింది, ఎ3 బి4 తోపును సిద్ధం చేసింది, రూక్ డి ఫైల్‌లోకి వచ్చింది. మామూలుగా ఇక్కడ బ్లాక్ 10...బిషప్-ఇ7 అని వెనక్కి వెళ్తుంది. కరువానా 10...రూక్-డి8 ఆడాడు. టెన్షన్‌ను వదల్లేదు, బిషప్‌ను కదపలేదు, డి1 రూక్‌కి ఎదురుగా తన రూక్‌ను నిలబెట్టాడు. ఇక డి ఫైల్ తెరుచుకుంటే అది వైట్ ఒక్కరి సొత్తు కాదు. 11.బిషప్-ఇ2 గుర్రం-ఇ4. సి3 గుర్రం ఎ5 క్వీన్ వల్ల ఇ1 రాజుకి కట్టుబడి ఉంది (కదిలితే రాజుకి చెక్) కాబట్టి ఇ4 గుర్రాన్ని కొట్టలేదు. 12వ ఎత్తులో సి×డి5 అని టెన్షన్ వదిలింది వైటే. మూడో ఎత్తులో మొదలైన ఎదురుకాపు తొమ్మిది ఎత్తులు నిలిచి, బ్లాక్ కోరుకున్న వేళకు విడిపోయింది. అక్కడి నుంచి వైట్‌కి చెప్పుకోదగ్గ ఆధిక్యం ఏమీ రాలేదు, 49 ఎత్తులకు డ్రా. ఆ మ్యాచ్‌లో 12 క్లాసికల్ గేములూ డ్రాలే, ర్యాపిడ్ టై బ్రేక్‌లో కార్ల్‌సన్ 3–0తో గెలిచాడు. తెల్ల పావులతో ఆడే ప్రపంచ చాంపియన్‌కి ఏమీ దక్కకుండా చేయడం బ్లాక్‌కి పెద్ద విజయమే. డ్రా అన్న ఒక్క మాటలో అది కనబడదు.

తొందరగా కొట్టడం ఎప్పుడూ తప్పని అనుకోవద్దు. 2024లో సింగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, డింగ్ లిరెన్ మీద 3వ గేమ్‌లో నాలుగో ఎత్తుకే కొట్టేశాడు: 1.డి4 గుర్రం-ఎఫ్6 2.గుర్రం-ఎఫ్3 డి5 3.సి4 ఇ6 4.సి×డి5 ఇ×డి5 5.గుర్రం-సి3 సి6 6.క్వీన్-సి2. సి8 బిషప్‌కి దారి తెరిచాడు, కానీ క్వీన్-సి2 తో ఎఫ్5 గడి మీద కాపు వేశాడు. బ్లాక్ జి6 అని ఒక ఎత్తు ఖర్చుపెట్టాకే 7.హెచ్3 బిషప్-ఎఫ్5, ఆపైన 8.క్వీన్-బి3 క్వీన్-బి6 9.జి4 అని బిషప్ మీదకే దూకాడు. కొట్టడం వెనుక ముందే తయారుచేసుకున్న పథకం ఉంది. ఆ గేమ్ గెలిచాడు.

ఇ4 ఆడేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. స్పానిష్ అనే ఓపెనింగ్‌లోని చిగోరిన్ పద్ధతిలో 9.హెచ్3 గుర్రం-ఎ5 10.బిషప్-సి2 సి5 11.డి4 క్వీన్-సి7. ఎ5కి వెళ్లిన గుర్రం సి6లో ఉండి ఇ5ను కాసేది. ఆ కాపలా పోయింది కాబట్టే క్వీన్ సి7కి వచ్చింది. 12.బి1 గుర్రం-డి2 తర్వాత వైట్‌కి డి5 అని మూసేయడం, డి×ఇ5 లేదా డి×సి5 కొట్టడం, ఏదీ చేయకుండా గుర్రాన్ని ఎఫ్1 మీదుగా జి3కో ఇ3కో పంపడం, అన్నీ ఉన్నాయి. డి×ఇ5 కొడితే డి5, ఎఫ్5 గళ్లకు గుర్రాన్ని చేర్చగలిగే స్థితిలో ఉండాలి. గుర్రం ఇంకా డి2లోనే ఉండగా కొడితే ఫైల్ తెరిచి అవతలి రూక్‌కి అప్పగించినట్టు.

ఇక బోర్డు దగ్గర ఆచరణ. 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్ల టోర్నమెంట్ అనుకుందాం. టెన్షన్ ఏర్పడిన ఎత్తులోనే అయిదారు నిమిషాలు పెట్టి ఒక్కసారి పూర్తిగా లెక్కవేయండి: వాళ్లు కొడితే నేను దేనితో తిరిగి కొడతాను, నేను కొడితే వాళ్లు దేనితో కొడతారు, ఎవరూ కొట్టకపోతే నా తర్వాతి రెండు పనికొచ్చే ఎత్తులు ఏవి. ఆ జవాబును మనసులో ఉంచుకుని ప్రతి ఎత్తుకీ మళ్లీ మొదటి నుంచి లెక్కించకుండా, మారిందేమిటో మాత్రమే చూడండి. ప్రతి ఎత్తులో అన్ని కొమ్మలూ కొత్తగా తవ్వేవాళ్లు ఇరవయ్యో ఎత్తుకే గడియారంతో పోరాడాల్సివస్తుంది. ఆ ఒత్తిడి తట్టుకోలేకే "ఇక తేల్చేద్దాం" అని కొట్టేస్తారు. ఓపిక నశించడం అనేది చాలాసార్లు గడియారం సమస్యే.

జవాబును తిరిగి లెక్కవేయాల్సిన సందర్భాలు నాలుగు. డి5ను కాస్తున్న పావు అక్కడి నుంచి కదిలినప్పుడు. రూక్ వచ్చి ఎదురు క్వీన్ ఉన్న ఫైల్‌లో నిలిచినప్పుడు. రాజు ఇంకా మధ్యలో ఉండగా ఫైల్ తెరుచుకునే అవకాశం వచ్చినప్పుడు. గుర్రం కట్టుబడినప్పుడు లేదా విడిపోయినప్పుడు. చివరిదే అన్నిటికంటే ప్రమాదం. 1.డి4 డి5 2.సి4 ఇ6 3.గుర్రం-సి3 గుర్రం-ఎఫ్6 4.బిషప్-జి5 బి8 గుర్రం-డి7 5.సి×డి5 ఇ×డి5, ఇప్పుడు ఎఫ్6 గుర్రం క్వీన్‌కి కట్టుబడి ఉంది కదా అని 6.గుర్రం×డి5 కొడితే 6...గుర్రం×డి5 7.బిషప్×డి8 బిషప్-బి4 చెక్. వైట్ 8.క్వీన్-డి2 తప్ప వేరే ఎత్తు లేదు, బ్లాక్ ఆ వైట్ క్వీన్‌ను తీసుకుని, తర్వాత డి8 బిషప్‌నూ తీసుకుంటుంది. లెక్క చూస్తే వైట్‌కి గుర్రం పోయి బంటు మిగిలింది. క్వీన్‌కి కట్టిన కట్టు తెగుతుంది, రాజుకి కట్టింది మాత్రమే తెగదు. కరువానా గేమ్‌లో సి3 గుర్రం కదలలేకపోయింది అందుకే.

ఎండ్‌గేమ్‌లో విషయం సులభం. ఒక బంటు తక్కువ ఉన్నవాళ్లు బంట్లు మార్చుకోవాలి, ఎక్కువ ఉన్నవాళ్లు టెన్షన్ ఉంచాలి. బంట్లు తగ్గేకొద్దీ, ముఖ్యంగా రూక్ ఎండింగ్‌లో, డ్రా దగ్గరవుతుంది. గెలుపు కోసం ఆడుతూ అనాలోచితంగా ఒక జత బంట్లు మార్చేయడం వల్ల చేజారిన అర పాయింట్లకు లెక్కలేదు.

సాధన కోసం ఉచిత డేటాబేస్‌లో ఓపెనింగ్ కోడ్ డి60 నుంచి డి69 వరకు ఆర్థడాక్స్ (పైన చెప్పిన మూల స్థితి దారి), డి58, డి59 టార్టకోవర్. 1927 మ్యాచ్ డ్రాలలోంచి పది తీసుకోండి. ఏడో ఎత్తు దగ్గర ఆపి, తర్వాతి ఎత్తులు మూసిపెట్టి, ఒక్కో ఎత్తుకి కాగితం మీద ఒక వాక్యం రాయండి: కొడతారా, తోస్తారా, ఆగుతారా, ఎందుకు. తర్వాత తెరిచి చూడండి. మీ జవాబు తప్పినచోట ఇంజిన్ అడగకండి, ముందు ఆ ఎత్తు తర్వాత ఎఫ్1 బిషప్, సి8 బిషప్ ఎన్ని ఎత్తుల్లో ఎక్కడికి చేరాయో లెక్కపెట్టండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. ఇద్దరు కలిసి ఆడుకునే వీలుంటే పైన చెప్పిన 7...సి6 స్థితి నుంచి మొదలుపెట్టి, కొట్టేవాళ్లు కొట్టే ముందు "దీనివల్ల నాకు ఇది వస్తుంది" అని పైకి చెప్పి తీరాలన్న షరతుతో, రంగులు మార్చుకుంటూ 15 నిమిషాల గేములు ఆరు ఆడండి. మొదటి రెండు గేముల్లో చెప్పడానికి మాటలు దొరకవు. నాలుగో గేమ్‌కల్లా చేయి బంటు మీదకు వెళ్లే ముందు కళ్లు బిషప్ మీదకు వెళ్తాయి.